అవ్వ వేళ్లు, నైసు అనే మాట

మా వాడలో ఇంగ్లీషు అక్షరం చదవగలిగిన మనిషి ఒక్కరూ లేని రోజుల్లోనే నైసు అనే మాట ఉండేది. జొన్నపిండి నైసుగా విసరాలి. మగ్గం మీది నిలువు పోగులకు, అంటే పడుగుకు, పట్టే గంజి ఉండలు లేకుండా నైసుగా కాయాలి. కొత్త పంచె మగ్గం మీంచి దిగగానే పెద్దవాళ్లు దాని అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూసి, "నైసుగున్నది" అనేవారు. ఆ ఒక్క మాటకు నేసినవాడి ముఖం వెలిగిపోయేది. అది పరాయి మాటని మాకెవరికీ తెలియదు. చెప్పినా నమ్మి ఉండేవాళ్లం కాదు.

ఎవరు మోసుకొచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. బొంబాయికీ షోలాపూర్‌కీ మిల్లు పనికి పోయిన మా బంధువులే తెచ్చి ఉంటారని నా అనుమానం. వాళ్లు ఊరికి వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెల్లో మిల్లు గుడ్డలూ, నోట్లో ఇలాంటి మాటలూ తెచ్చేవారు. గుడ్డలు రెండేళ్లకే చిరిగిపోయేవి. మాటలు మాత్రం వాడలోనే ఉండిపోయాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లల వ్యాసాల్లో ఈ మాట కనిపించినప్పుడల్లా ఎర్రసిరాతో కొట్టేసినదాన్ని. బడి నైస్, వాన నైస్, ఆవు నైస్ అని వరసపెట్టి రాస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? అలా కొట్టేస్తున్నప్పుడు కూడా ఆ మాటంటే నాకు లోపల ఒక గౌరవం ఉండేది, కొంచెం సిగ్గు కూడా ఉండేది. రెండింటికీ కారణం మా అవ్వ. మా దిక్కు తల్లినే అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం.

మాది హుజూరాబాద్. బాపు మగ్గం నేసేవాడు. మగ్గానికి ముందూ వెనకా ఉండే పనంతా అవ్వదే. నూలును కండెలకు చుట్టడం, గంజి కాయడం, తెగిన పోగులు అతకడం, మధ్యలో మాకు ఇంత వండిపెట్టడం. ఆమె పుట్టిల్లు గోదావరి అవతల, చెన్నూరు దిక్కు. అక్కడ దసలిపట్టు కాయలు, అంటే అడవి పట్టుపురుగుల గూళ్లు, ఉడికించి దారం తీసే ఇంట్లో పుట్టి, మా ఇంటికొచ్చి నూలు పనిలో పడింది. చదువుకోలేదు. సంతకం చేయమంటే బొటనవేలు చాచేది. ఆ బొటనవేలు, దాని పక్కనున్న చూపుడువేలు కలిస్తే చాలు, ఆమెకు చాలా సంగతులు తెలిసిపోయేవి. ఏ నూలు, ఎంత సన్నం, గంజి ఎక్కువైందా తక్కువైందా, నేసిన మనిషి పని మీద మనసు పెట్టాడా లేదా, అన్నీ చెప్పేది.

మా వాడలో ఇది అందరికీ ఉన్న అలవాటే. చుట్టమొస్తే కాళ్లకు నీళ్లిచ్చేలోపే అతని భుజం మీది కండువా అంచు ఎవరి వేళ్ల మధ్యనో ఉండేది. పిల్లను చూడ్డానికి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి పంచెను కూడా అలాగే రుద్ది చూసేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పైగా ముట్టుకోకపోతేనే చిన్నబుచ్చుకునేవారు. ఒకసారి ఇళ్ల పన్ను రాసుకోవడానికి షేర్వానీ తొడుక్కుని వచ్చిన గుమాస్తా చేతి అంచు పట్టుకుని, అవ్వ ఆ గుడ్డ ఎంత పాతదో చెప్పేసింది. పాపం ఆయన దాన్ని కొత్తదని చెప్పుకుని తిరుగుతున్నాడట. నవ్వేసి, మంచినీళ్లు తాగి పోయాడు.

నేను పెద్దదాన్నవుతున్న కొద్దీ ఈ నైసు అనే మాటకు మా వాడలో కొంచెం రంగు మారింది. పిండికీ గుడ్డకూ వాడినంతసేపు మెప్పుకోలుగానే ఉండేది. మనుషులకు వాడేసరికి తేడా వచ్చింది. నూలు షావుకారు పంపిన మనిషి తియ్యగా నాలుగు ముచ్చట్లు చెప్పి నాసిరకం నూలు అంటగట్టి పోతే, "నైసు మనిషి, నైసుగ జెప్పి పోయిండు" అనేవారు. గుడ్డ నైసుగా ఉంటే దగ్గరికి తీసుకునేవారు, మనిషి నైసుగా ఉంటే దూరం జరిగేవారు. నాకు అప్పుడు ఇది వింతగా అనిపించలేదు. ఇంగ్లండులో అదే మాట దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచిందని తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను ఏడో తరగతి పాసయ్యాను. మా ఊళ్లో ఆడపిల్లల చదువు అక్కడితో ఆఖరు. కరీంనగర్‌లో ఆడపిల్లల హైస్కూలు, దానికి ఆనుకుని హాస్టల్ ఉన్నాయని, అక్కడ ఉచితంగా ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయని మా పంతులు చెప్పారు. ఆ హైస్కూలు పెద్ద పంతులమ్మ పిల్లనూ, పిల్ల తల్లినో తండ్రినో చూసి, మాట్లాడి, సీటు ఇస్తారట. బాపు విని, మగ్గం మీంచి తల తిప్పకుండానే తీర్పు చెప్పాడు.

"సీటొస్తే పో బిడ్డా, సదువుకో. రాకుంటే ఇంట్ల కూసోని కండెలు సుట్టు. గంతే."

నాకు కండెలు చుట్టడమంటే ఏవగింపు. చదువంటే పిచ్చి. కాబట్టి ఆ సీటు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. పడుగు మగ్గం మీద ఉంది కనుక బాపు కదలలేడు, అవ్వే రావాలి. అదే నా అసలు పరేషాన్. పెద్ద పంతులమ్మ ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన మనిషని, మాట్లాడితే పుస్తకం చదివినట్టు ఉంటుందని, శుభ్రం లేని పిల్లల్ని గుమ్మంలోంచే పంపించేస్తుందని విన్నాను. అందుకని మూడు రోజులు నేనే అవ్వకు పంతులమ్మనయ్యాను. చీర కుచ్చిళ్లు దించి కట్టుకోవాలి. నోట్లో ఆకువక్క ఉండకూడదు. అడిగితే తప్ప మాట్లాడకూడదు. అడిగినా ఒక్క ముక్కలో చెప్పాలి. అవ్వ అన్నిటికీ తలూపింది. నోటి సంగతి చెప్పాను గానీ, చేతుల సంగతి నాకు తట్టలేదు.

పొద్దున బస్సులో బయల్దేరి పోయాం. వరండాలో బల్ల మీద చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. గదిలో పెద్ద మేజా, దాని వెనక ఆమె, పక్కన చిన్న మేజా దగ్గర ఒక గుమాస్తా. మమ్మల్ని ఎదుటి బల్ల మీద కూర్చోమన్నారు. ఆమె కట్టుకున్న ముదురాకుపచ్చ పట్టుచీర కిటికీ వెలుతురుకు మెరుస్తోంది. అంత ఒద్దికగా కూర్చున్న ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇంగ్లీషు వాచకంలో ఒక పేరా చదవమన్నారు, చదివాను. అర్థం చెప్పమన్నారు, చెప్పాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, అలమారలోంచి ఒక దరఖాస్తు తీయడానికి లేచి మా పక్కగా వచ్చారు. కొంగు అవ్వ మోకాలికి తగిలింది.

అవ్వ చెయ్యి దానంతట అదే లేచింది. కొంగు అంచు రెండు వేళ్ల మధ్యకు వెళ్లింది. ఒకసారి రుద్దింది, మళ్లీ ఒకసారి రుద్దింది.

"నైసుగనే ఉన్నది గని, గిది పట్టుగాదమ్మా," అంది.

పెద్ద పంతులమ్మ గభాలున కొంగు లాక్కున్నారు. గుమాస్తా రాసేది ఆపి నోరు తెరిచాడు.

"ఏమిటీ?" అన్నారామె.

"పట్టని చెప్పి మీకు అంటగట్టిండ్రు. యాడ గొన్నరో గని, జర జూసి తీసుకోవాలె," అంది అవ్వ. మా వాడలో ఎవరికైనా చెప్పినట్టే, మంచి కోరి చెప్పింది.

నాకు సీటు పోవడం కళ్లముందు కనిపించింది. కండెలు కనిపించాయి. వెనకాముందూ చూడకుండా నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మా అమ్మకు ఏమీ తెలియదండీ. క్షమించండి."

అందులో ఒక్క మాటా నాది కాదు. అమ్మ అన్నది పుస్తకంలోంచి తెచ్చుకున్నాను, అండీ అన్నది ఆంధ్ర పంతుళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. ఆ మాటలతో మా అవ్వను అవతలకు నెట్టేశాను. అవ్వ నా వైపు తిరిగి చూసింది. కోపం లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. ఈ వయసులో కూడా ఆ చేతులు అలా ఒళ్లోకి వెళ్లడం తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్ద పంతులమ్మ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. కొంగు అంచు తనే ఒకసారి చూసుకున్నారు. నన్ను వదిలేసి అవ్వనే అడిగారు.

"ఏమీ తెలియకపోతే ఇది పట్టు కాదని ఎలా చెప్పారు మీరు?"

ఆమె 'మీరు' అన్నారు. కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ మా అవ్వను అప్పటిదాకా అలా పిలవలేదు. అవ్వ నా వైపు చూసింది. మాట్లాడవద్దని చెప్పానుగా, అందుకు. నేను తలూపాను.

"చూపెడ్తనమ్మా. అగ్గిపెట్టె ఉన్నదా?"

గుమాస్తా జేబులో అగ్గిపెట్టె ఉంది. పెద్ద పంతులమ్మ ముందు అది బయటికి తీయడానికి కాసేపు ఇబ్బంది పడి, చివరికి ఇచ్చాడు. అవ్వ అడిగి, ఆమె సరేనన్నాక, దగ్గరికెళ్లి కొంగు చివర నిలువుగా ఒక పోగు, అడ్డంగా ఒక పోగు లాగింది. గుడ్డకు ఏమీ కానట్టు అంత సుతారంగా లాగింది. మొదట నిలువు పోగును అంటించింది. అది ముడుచుకుపోతూ కాలింది. జుట్టు కాలిన వాసన వచ్చి గుమాస్తా ముక్కు మూసుకున్నాడు.

"గిది పడుగు. గిది పట్టే," అంది అవ్వ.

రెండో పోగు భగ్గున మండి, ఇంత తెల్లటి బూడిద మిగిల్చింది.

"గిది పేక. చూసిండ్రా, కాయితం లెక్క కాలింది. మిల్లుల జేసిన దారం." ఆమెను ఓదార్చాలనిపించిందేమో, "పూరా మోసం జేయలే తియ్యండి. సగమే జేసిండ్రు," అంది.

పెద్ద పంతులమ్మ ఆ బూడిద వైపు చూస్తూ కూర్చున్నారు. "నాలుగేళ్ల నుంచి ప్రతి పండక్కీ ఇదే కట్టుకుంటున్నాను," అన్నారు. తర్వాత నవ్వారు. మొదట పెదవులతో, తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. గుమాస్తా వైపు తిరిగి నా పేరు రాసుకోమన్నారు. మమ్మల్ని పంపించేటప్పుడు అవ్వతో, "మళ్లీ నేను చీర కొంటే మీకు చూపించే కొంటాను," అన్నారు. అది మాట వరసకు అనలేదు. తర్వాత రెండుసార్లు చూపించారు కూడా.

సీటు నా చదువుకు వచ్చిందో, అవ్వ వేళ్లకు వచ్చిందో నాకు తెలియదు. తిరుగు బస్సులో అవ్వ ఆ సంగతి ఎత్తలేదు. బాపుతో, "బిడ్డకు సీటొచ్చింది, ఇగ ఫికర్ లేదు," అంది. నేనన్న మాట గురించి ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. హాస్టల్‌కు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం నా స్నేహితురాళ్లు చుట్టూ చేరితే చేతులు కొంగు కింద దాచుకునేది. వాళ్ల వోణీల వైపు చూసేది, ముట్టుకునేది కాదు. నేను గమనించాను. గమనించనట్టు ఊరుకున్నాను. లోపల హాయిగా కూడా అనిపించింది, దాచి లాభం లేదు.

పదో తరగతిలో పెద్ద పంతులమ్మే మాకు ఇంగ్లీషు చెప్పారు. నా వ్యాసంలో నైస్ అన్న మాటను మూడుచోట్ల కొట్టేసి, క్లాసులో దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. ఈ మాట లాటిన్‌లో పుట్టినప్పుడు ఏమీ తెలియని మనిషి అని అర్థం. ఫ్రెంచి వాళ్ల దగ్గర తెలివితక్కువవాడైంది. ఇంగ్లీషువాళ్ల దగ్గరికి వచ్చి కొన్నాళ్లు తిట్టుగానే బతికింది. తర్వాత ప్రతిదానికీ వంక పెట్టే మనిషిని అలా అన్నారు. వంక పెట్టాలంటే తేడా తెలియాలి కదా, అలా మెల్లగా అతి సన్నని తేడాను పట్టుకోగలగడం అనే అర్థం వచ్చింది. అక్కడి నుంచి నాజూకు, అక్కడి నుంచి బాగుంది. "ఇప్పుడు మీరు దాన్ని ఆవుకూ వానకూ వాడి అరగదీస్తున్నారు," అన్నారు.

మొదటి అర్థం దగ్గరే నాకు చెవులు వేడెక్కాయి. ఏమీ తెలియని మనిషి. ఆ గదిలో నేను మా అవ్వ గురించి అన్నది అదే. పెద్ద పంతులమ్మ నా వైపు చూడలేదు. నల్లబల్ల వైపు తిరిగి, సన్నని తేడా అన్న అర్థానికి ఉదాహరణ చెప్పారు. "ఒకావిడ ఒక చీరను ఒక్కసారి ముట్టుకుని పట్టు కాదని చెప్పింది. పడుగు ఏమిటో, పేక ఏమిటో నాకు విడదీసి చూపించింది. నా జీవితంలో నేను చూసిన నైస్ జడ్జిమెంట్ అది ఒక్కటే." పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. నన్ను నలుగురిలో నిలబెట్టకుండా, నాకు మాత్రమే తగిలేలా చెప్పారు. ఆమె మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది. సగం పట్టుచీర కట్టుకున్నా ఆమె మర్యాద మాత్రం అసలైనదే.

ఇంగ్లండులో తిట్టుగా మొదలై మెప్పుకోలుగా మారిన మాట, మా హుజూరాబాద్ వాడలో మెప్పుకోలుగా మొదలై అనుమానంగా మారింది. మా వాళ్లకు లాటిన్ తెలియదు. ఆ మాట చరిత్రంతా వదిలేసి, అందులో వేలికి తగిలే ముక్కను మాత్రం ఉంచుకున్నారు. అది సరైన ముక్క అని నాకు నమ్మకం. చదువుకున్నవాళ్లం మేం దాన్ని ఆవు వ్యాసాల దాకా దిగలాగాం.

టీచర్ ట్రైనింగ్ అయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్‌లో దొరికింది. పిల్లలు సగం మరాఠీ కలిపి మాట్లాడేవాళ్లు, ఒక నెలపాటు వాళ్లకు నేనూ నాకు వాళ్లూ సరిగ్గా అర్థం కాలేదు. నాకు వండిపెట్టడానికి అవ్వ వచ్చి రెండు నెలలు ఉంది. ఒక ఆదివారం పగటిపూట ఆమె వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, నేను వ్యాసాలు దిద్దుతూ పక్కన కూర్చున్నాను. మళ్లీ అదే మాట వచ్చింది, మళ్లీ కొట్టేయబోయాను. చెయ్యి ఆగిపోయింది. దాదాపు పదేళ్లు మోసిన బరువు ఇక మోయలేననిపించింది.

"అవ్వా, ఆ పంతులమ్మ ముందట నీకేం తెల్వదన్న. యాదికున్నదా?"

"ఎందుకు లేదు."

"తప్పు జేసిన. నీ మనసుల అది ఉండిపోయింది. అందుకే హాస్టల్‌కొచ్చినప్పుడల్లా చేతులు కొంగు కింద దాసుకునేదానివి."

అవ్వ చేట ఆడించడం ఆపింది. "అదా? నువ్వు బెదురు కండ్లతోటి నా చేతులనే జూస్తుంటివి. బిడ్డ పరేషాన్ అయితున్నదని దాసుకున్న. నాకేం బాధ లేదు."

"మరి నేనన్న మాటకు?"

అవ్వ కాసేపు ఆలోచించింది. నన్ను ఊరడించడానికి వెతుక్కున్నట్టు లేదు, నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నట్టే ఉంది.

"నువ్వు గట్లన్నందుకే గద, నీకెట్ల ఎరుక అని ఆ పంతులమ్మ నన్నడిగింది," అంది. "పెద్ద కుర్సీల కూసున్న మనిషి, మీరు అని పిలిచి అడిగింది. అది నాకు యాదికుంటది, నువ్వన్నది ఎందుకుంటది? నీకెట్ల ఎరుక అని అంతకుముందు నన్నెవరడిగిండ్రు బిడ్డా? మీ బాపు అడగలే. నువ్వడగలే."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పి, మళ్లీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. నేను ఇన్నేళ్లూ ఒక్క మాటకు క్షమాపణ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆమె పక్కనే పెరిగాను, ఆమె చేతి అన్నం తిన్నాను, ఊళ్లో పిల్లలందరికీ ప్రశ్నలు వేసే ఉద్యోగం చేస్తున్నాను. మా అవ్వను మాత్రం ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు.